వంటింటికి ఏసీ

మార్చి 2, ఆదివారం

పెట్టె వచ్చింది. ఫ్రిజ్ అనకూడదట. "ఫ్రిజ్ అంటే జనానికి గ్యాసూ కంప్రెసరూ గుర్తొస్తాయి వదినా. దీని పేరు హిమాత్మ" అన్నాడు మరిది, మా చెల్లెలి మొగుడు. నేను పెట్టె అంటాను.

లోపల అయస్కాంతం ఉంది కాబట్టి బరువు. మనుషులు మోశారు. మరిది మోయలేదు. వాళ్ళ ముందు వెనక్కి నడుస్తూ "జాగ్రత్త, మీరు భవిష్యత్తుని మోస్తున్నారు" అన్నాడు. వాళ్ళు భవిష్యత్తుని తీసుకెళ్ళి గుమ్మానికి కొట్టారు. పెచ్చు లేచిపోయింది.

నా పాత ఫ్రిజ్‌ని అదే బండిలో ఎక్కించుకుపోయారు. ఫోటో కోసమట. పాతదానికి వీడ్కోలు చెబుతున్న పెద్దక్క. నేను చెప్పలేదు. చెయ్యి ఎత్తమన్నారు, ఎత్తాను.

చెల్లెలు చివర్న వచ్చి ప్లగ్గు పెట్టింది. ఈ కంపెనీ వాళ్ళిద్దరిదీ. కనిపెట్టింది ఇది, అమ్మేది అతను. నా పక్కన నిలబడి మెల్లగా చెప్పింది. ఒక రకం లోహం ఉంటుందట. అయస్కాంతం దగ్గరికొస్తే వేడెక్కుతుంది, దూరం జరిగితే చల్లబడుతుంది. మధ్యలో నీళ్ళు తిరుగుతూ లోపలి వేడిని వెనక్కి తీసుకెళ్ళి బయట పారేస్తాయి. అంతే. గ్యాస్ లేదు. ఆకాశానికి ఎక్కి పాడుచేసేది ఏదీ లేదు. ఏళ్ళ తరబడి దానికి ఇదే లోకం. చెబుతుంటే మొహం వెలిగిపోయింది.

"ఆ టెక్నికల్ అంతా వదినకెందుకే" అన్నాడు మరిది. వెలుగు ఆరిపోయింది.

నాకు కోపం లేదు. రాసి పెట్టుకుంటున్నాను, అంతే.

మార్చి 3

చప్పుడు లేదు. ప్రార్థనకి కూర్చుంటే పక్కగదిలో అదొకటి ఉందన్న సంగతే తెలియలేదు. వాళ్ళు చెప్పినవాటిలో ఇదొకటి నిజం. పాలు చల్లగా ఉన్నాయి.

చెల్లెలి కోసం ప్రార్థించాను. పెట్టె కోసం కాదు.

మార్చి 8

వాళ్ళ ఆఫీసుకి తీసుకెళ్ళారు. "కుటుంబాన్ని పరిచయం చేస్తాను రండి" అన్నాడు మరిది. ఉన్న కుటుంబం చాలనట్టు.

అద్దాల గది. గోడ మీద పెద్ద అక్షరాలు: భూమికి జ్వరం, మా దగ్గర మందు. లోపల ఒకటే చలి. ఏసీ ఎప్పుడూ ఆపరట, పరికరాలు సున్నితమట. కుర్రకారంతా స్వెట్టర్లు వేసుకుని, మెడలకి మఫ్లర్లు చుట్టుకుని ప్రపంచాన్ని చల్లబరుస్తున్నారు. నేను చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను.

అక్కడ ఎవరూ మామూలుగా మాట్లాడరు. "ఇది వస్తువు కాదు వదినా, ఉద్యమం" అన్నాడు మరిది.

"ఉద్యమానికి గ్యారంటీ ఎన్నేళ్ళు?"

కుర్రవాళ్ళు నవ్వారు. మరిది కూడా నవ్వాడు, వాళ్ళు ఆపాక.

కోర్టులో టైపిస్టుగా పనిచేసినన్నాళ్ళూ జనం ప్రమాణం చేసి చెప్పిందంతా టైపు చేశాను. ఎక్కువ మాటలు వాడేవాడు అబద్ధమాడుతున్నాడని జడ్జిగారి కంటే ముందే పోల్చుకునేదాన్ని. మాటలు పొదుపుగా వాడటం అక్కడే నేర్చుకున్నాను.

చెల్లెలిది వెనకగది. అక్కడ కొలిమి ఉంది. లోహాలు కలిపి, కాల్చి, గోరంత పలచటి రేకులు చేస్తుంది. వేళ్ళ సందుల్లో నల్లటి పొడి, కడిగినా పోదు. బయట తలుపు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పై పేరు అతనిది.

చిన్నప్పుడు నాతో వాదించి గెలిచిన పిల్ల. అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగింది. ఇప్పుడు మొగుడు మాట్లాడుతుంటే నేల చూస్తూ నిలబడుతుంది. అంత చదువూ నోటికి తాళం వేసుకోవడానికి పనికొచ్చింది.

మార్చి 14

ఎదురింటావిడ ఫోను పట్టుకుని వచ్చింది. "ఏమ్మా, నువ్వింత మాటకారివని నాకు తెలీదే" అంది.

ఫోనులో నేను. చెయ్యి ఎత్తి ఉన్నాను. కింద నా మాటలట: "హిమాత్మ వచ్చాక మా ఇంటికి నిశ్శబ్దం వచ్చింది. ఆ నిశ్శబ్దంలో దేవుడు వచ్చాడు."

ఇన్నాళ్ళూ దేవుడు ఫ్రిజ్ కోసం ఆగాడన్నమాట.

మరిదికి ఫోన్ చేశాను.

"ఆ మాటలెవరివయ్యా?"

"మీవే వదినా. భావం మీది. మేం కాస్త మెరుగు పెట్టాం."

"నేనన్నదేమిటి?"

"చప్పుడు లేదు అన్నారు."

"అదే వెయ్యి."

"చప్పుడు లేదంటే ఎవరు కొంటారు వదినా? అలమర కూడా చప్పుడు చెయ్యదు."

ఆ ఒక్క వాక్యానికి మనసులో మెచ్చుకున్నాను. తీసెయ్యమన్నాను. తీసేస్తానన్నాడు. సాయంత్రం చూస్తే నా చెయ్యి ఇంకా ఎత్తే ఉంది.

మరిది కోసం ప్రార్థించాను. క్లుప్తంగా.

మార్చి 21

పాలు విరిగాయి.

మార్చి 22

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం పెట్టె తలుపు తీస్తే గదిలో గాలే లోపల కూడా ఉంది. వెన్న గిన్నెలో నూనెలా కదులుతోంది.

చెల్లెలు ఫోన్ చేసింది. "బానే ఉందా అక్కా?" గొంతులో నీరసం.

"ఆఁ" అన్నాను. కొత్త యంత్రం. సర్దుకోవాలి కదా.

మార్చి 24

ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్. వినియోగదారుల ఆనంద విభాగమట. లోపలి వేడి ఎంతో పెట్టె తనంతట తనే వాళ్ళకి చెబుతుందట. వేడెక్కుతోందని తెలిసింది వాళ్ళకి. కారణం కూడా వాళ్ళే తేల్చేశారు.

"మేడమ్, మీరు తలుపు ఎక్కువసార్లు తీస్తున్నారు."

"ఈ ఇంట్లో నేనొక్కదాన్నేనమ్మా."

"ఒక్కరే ఉండేవాళ్ళే ఎక్కువ తీస్తారు మేడమ్. తెలీకుండా తీస్తారు. ఒంటరితనం వల్ల."

ఫోన్ పెట్టేశాను. మెల్లగానే పెట్టాను.

మార్చి 26

తలుపు తీయడం నేర్పడానికి మనిషిని పంపారు. టై కట్టుకుని వచ్చాడు. "ముందు ఏం కావాలో మనసులో అనుకోవాలండి. తర్వాత తలుపు. తీసుకోవాలి. వెయ్యాలి" అని తీసి, వేసి చూపించాడు. నన్ను కూడా తీసి వెయ్యమన్నాడు. తీసి వేశాను. "చాలా బాగా చేశారు" అన్నాడు.

తలుపు మీద స్టిక్కరు అంటించాడు: తెరిచే ముందు ఒక్క క్షణం, భూమి కోసం.

వెళ్ళబోతూ మంచినీళ్ళు అడిగాడు. వెనకవైపు నుంచి వెళ్ళి ఎదురింటి ఫ్రిజ్‌లో సీసా తెచ్చి ఇచ్చాను. తాగి, "చూశారా, చెప్పినట్టు వాడితే ఎంత చల్లగా ఉన్నాయో" అన్నాడు.

నేనేమీ అనలేదు. అడగలేదు కదా, ఎక్కడివని.

మార్చి 29

నా పాలు, పెరుగు, కూరలు అన్నీ ఇప్పుడు ఎదురింట్లోనే. ఆవిడ ఫ్రిజ్ పాత లారీలా ఊగుతుంది, కానీ పని చేస్తుంది.

"మీ చెల్లెలేమో ఫ్రిజ్‌లు కనిపెడుతుంది, మీ పాలేమో మా ఇంట్లో పడుకుంటాయి" అంది ఇవాళ.

"ఎవరితోనూ అనకు."

"ఎవరన్నా అడిగితే? లేదని చెప్పమంటావా?"

"అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పకు."

"ఓహో" అంది. అలా అనడం ఆవిడకి అలవాటు. అబద్ధానికీ చెప్పకపోవడానికీ తేడా ఉంది. ఆవిడకి తెలియకపోతే నేనేం చెయ్యను.

ఏప్రిల్ 1

పొద్దున్నే పెట్టె తలుపుకి టేపు అంటించాను. రోజంతా ముట్టుకోలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి మెసేజ్: "ఈరోజు మీరు తలుపు చాలాసార్లు తీసినట్టు గమనించాం. ప్రేమతో గుర్తుచేస్తున్నాం."

టేపు ఫోటో తీసి చెల్లెలికి పంపాను. మాట ఏమీ రాయలేదు.

ఏప్రిల్ 2

మిట్టమధ్యాహ్నం చెల్లెలు ఒక్కతే వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్ళి పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసింది. సంచిలోంచి థర్మామీటరు తీసి గోడకి తగిలించింది. బల్ల దగ్గర కూర్చుంది. అన్నం పెట్టాను. కలుపుతూ కూర్చుంది, తినలేదు.

"తలుపు కాదక్కా."

"నాకు తెలుసు."

"నాకూ తెలుసు. ముందే తెలుసు."

తర్వాత చెప్పింది. లోపలి లోహం ఒకటే ముక్క కాదట, పొరలు పొరలుగా ఉంటుందట. "ఒక్కో పొరకీ ఒక్కో వేడి. ఆ వేడి దగ్గరే అది పని చేస్తుంది. తప్పితే రాయీ అదీ ఒకటే. అన్నిటికంటే బయటి పొర గది వేడికి సరిపోవాలి. మేం ఇరవై రెండు డిగ్రీలకి చేశాం."

"ఇరవై రెండే ఎందుకు?"

కంచంలో అన్నం ఒక పక్కకి జరిపింది.

"మా గది ఎప్పుడూ ఇరవై రెండే కదక్కా."

స్వెట్టర్లు వేసుకుని చలిగదిలో కూర్చుని, చలిగదిలో పనిచేసే చల్లటి పెట్టె చేశారు. భూమికి జ్వరమని గోడ మీద రాసుకున్నవాళ్ళలో ఎవరికీ కిటికీ తీసి చూడాలని తోచలేదు. చెల్లెలికి తోచింది. ఎండకి వేరే పొరలు కావాలనీ, కొలిమిలో మొదటినుంచీ మళ్ళీ కలపాలనీ, ఏడాది పడుతుందనీ మొగుడికి చెప్పిందట. "ముందు చూపిద్దాం, తర్వాత సరిచేద్దాం. ప్రపంచం మనకోసం ఆగదు" అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

అదీ సంగతి.

పన్నెండో తారీఖున ఒక డాక్టరమ్మ వస్తుందట. పట్నాలకి దూరంగా ఉండే చిన్న చిన్న ఆరోగ్య కేంద్రాలన్నీ ఆవిడ కింద ఉన్నాయి. టీకాలు పెట్టుకోవడానికి పెట్టెలు కావాలి. వాడే మనిషిని కళ్ళారా చూసి, నోటితో విన్నాకే తీసుకుంటానందట. వాడే మనిషిని నేను.

"ఆవిడ ఒప్పుకుంటే?"

"ఇవే పెట్టెలు ఈ ఎండాకాలంలోనే అన్ని కేంద్రాలకీ వెళతాయి. కంపెనీ బతుకుతుంది. తర్వాత నేను ఎండ పొరలు చేస్తాను."

"ఒప్పుకోకపోతే?"

"ఈ నెలాఖరుకి మూసెయ్యడమే. కొలిమి కూడా పోతుంది. నాకింకో కొలిమి ఎవరిస్తారక్కా, ఈ వయసులో."

"ఈలోపు టీకాలు చెడిపోతే?"

కంచం వైపు చూస్తూ చెప్పింది. "చెడిపోయిన టీకా చెడిపోయినట్టు కనపడదు. పాలలాగా విరగదు. పిల్లలకి వేసేస్తారు."

"నన్నేం చెప్పమంటావు?"

"అడగడానికి రాలేదక్కా."

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. థర్మామీటరు ఇక్కడే వదిలేసింది.

ఏప్రిల్ 3

ప్రార్థన. చాలాసేపు.

ఏప్రిల్ 5

అడగడానికి రాలేదంటే అడిగినట్టే. నోరు తెరిచి అడగలేక అలా అంది. దాని మనసు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. పెంచినదాన్ని.

మొగుడి కోసం నన్ను అబద్ధం చెప్పమని అడిగే స్థితికి వచ్చింది. ఇదీ దాని చదువు.

ఏప్రిల్ 8

వంటింటి గోడకి కన్నం పెట్టారు. ఏసీ.

"వంటింటికి ఏసీ ఏమిటయ్యా?"

"మీ సౌకర్యం కోసం వదినా."

"ఇన్నేళ్ళూ లేని సౌకర్యం."

మరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడండి వదినా. ఏ ప్రాణికైనా అనువైన చోటు ఉండాలి కదా. చేపని గట్టు మీద పడేసి ఈదడం లేదంటే ఎలా?"

"చేపని అమ్మేటప్పుడు నీళ్ళు కూడా ఇస్తావా?"

వినిపించుకోలేదు.

"ఫ్రిజ్‌ని చల్లగా ఉంచడానికి ఏసీ. బాగుంది. మరి ఏసీకి చెమట పడితే విసరడానికి ఎవరిని పెడతావు?"

పడీపడీ నవ్వాడు. "ఈ జోకు మేం వాడుకోవచ్చా?" అన్నాడు.

ఏసీ గ్యాసుతోనే నడుస్తుంది. చప్పుడు కూడా చేస్తుంది. సాయంత్రానికి పెట్టె ఎంత చక్కగా పనిచేసిందో. ఎదురింటి నుంచి పాలు తెచ్చి పెట్టాను. కాసేపటికి చేతికి జిల్లుమన్నాయి. శాలువా కప్పుకుని వంట చేసుకున్నాను.

ఏప్రిల్ 10

రిహార్సలు. డాక్టరమ్మ వేషం మరిదిదే. గొంతు సన్నగా చేసి, "ఎలా ఉందమ్మా ఈ హిమాత్మ?" అన్నాడు.

"చూస్తున్నారుగా."

"అలా కాదు వదినా. కాస్త కడుపులోంచి రావాలి."

"కడుపులోంచి వచ్చేది వేరే ఉంది."

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వలేదు. ఇదివరకైతే నవ్వేది.

"నేను అబద్ధం చెప్పను" అన్నాను.

"అయ్యో, అబద్ధం ఎవరు చెప్పమన్నారు? ఏసీ సంగతి మీరై మీరు ఎత్తకండి, చాలు. అడక్కపోతే చెప్పకపోవడం అబద్ధమా?"

జవాబు ఉంది. చెప్పదలచుకోలేదు.

ఏప్రిల్ 11

తేల్చుకున్నాను. డాక్టరమ్మ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నెమ్మదిగానే. మరిది ఎగురుతాడు, ఎగరనీ. చెల్లెలు ఏడుస్తుంది. దగ్గర కూర్చోబెట్టుకుని సముదాయిస్తాను. మొగుడి మాయలోంచి బయటపడటానికి దానికిదే దారి. ఏదో ఒక రోజు నేను చేసింది మంచిపనే అంటుంది.

నా నోట అబద్ధం వచ్చి ఎరగను. ఒక పెట్టె కోసం రాదు.

ఇది రాశాక మనసు తేలికపడింది.

ఏప్రిల్ 12

డాక్టరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. దుమ్ముకొట్టుకున్న చెప్పులు, బిగించి ముడేసిన జుట్టు. మాటలు తక్కువ. చూడగానే నచ్చింది.

మరిది మొదలుపెట్టాడు. భూమి, జ్వరం, మందు. ఆవిడ మధ్యలో లేచి వంటింట్లోకి నడిచింది. అందరం వెనకే వెళ్ళాం. గోడకేసి చూసింది.

"వంటింట్లో ఏసీ పెట్టించారే."

"మా వదినకి ఉక్క పడదండి" అన్నాడు మరిది.

ఆవిడ నా వంక చూసింది. ఉక్క పడని మనిషిని శాలువా కప్పుకుని నిలబడ్డాను.

పెట్టె తలుపు తీసి పాలగిన్నెకి వేళ్ళు ఆనించింది. వేసింది. చెవి దగ్గరగా పెట్టి వినబోయింది. ఏసీ చప్పుడులో ఏం వినపడుతుంది. బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుంది.

"మా కేంద్రాలకి రేకుల కప్పులమ్మా. మధ్యాహ్నం గోడ ముట్టుకుంటే కాలుతుంది. అక్కడ పెట్టాలి దీన్ని." కాస్త ఆగింది. "ఈ ఏసీ లేనప్పుడు కూడా ఇలాగే చల్లగా ఉంచిందా? నాకు మీ మాట కావాలి. వీళ్ళది కాదు."

ఇంతకంటే సూటిగా ఎవరూ అడగలేరు. నా వాక్యం సిద్ధంగా ఉంది. లేదండి, ఉంచలేదు. అంతే. రెండు ముక్కలు.

చెల్లెలి వంక చూశాను. నేల చూడటం లేదు. నన్నే చూస్తోంది. చిన్నప్పుడు రోడ్డు దాటేముందు చెయ్యి పట్టుకుని అలా చూసేది. వేళ్ళ సందుల్లో ఆ నల్లపొడి. ఆ చూపుకి అర్థం నాకు తెలుసనుకున్నాను.

"ఉంచింది" అన్నాను.

"ఎండల్లో కూడా?"

"ఎండల్లో కూడా. ఒక్కసారి కూడా పాలు విరగలేదు."

పాల సంగతి ఆవిడ అడగలేదు. నేనే చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చిందో. నెమ్మదిగా, స్థిమితంగా, నేను ఏ మాటైనా చెప్పినట్టే. కోర్టులో అయితే కామా కూడా తప్పకుండా టైపు చేసి, నిజమే చెబుతోంది అనుకునేదాన్ని.

డాక్టరమ్మ తలాడించింది. మరిది గట్టిగా వదిలిన ఊపిరి ఏసీ చప్పుడులో కూడా నాకు వినపడింది.

చెల్లెలు ఒక అడుగు ముందుకి వేసింది.

"లేదండి. మా అక్క అబద్ధం చెబుతోంది."

డాక్టరమ్మ చెల్లెలి వైపు తిరిగింది.

"ఏమిటే నువ్వు" అన్నాడు మరిది, నవ్వు మొహంతోనే. "అలిసిపోయిందండి, ఈమధ్య సరిగ్గా..."

"నువ్వుండు" అంది. మొగుణ్ణి. నా జన్మలో వినలేదు. బల్ల మీద రిమోటు తీసి ఏసీ ఆపేసింది. కిటికీ తలుపులు తీసింది. స్టవ్ మీద నీళ్ళు పెట్టి వెలిగించింది. "కాసేపు కూర్చోండి డాక్టరుగారూ. మీరే చూద్దురు."

కూర్చున్నాం. ఎండ లోపలికి వచ్చింది. ఏసీ ఆగాక నిజంగానే ఇల్లు నిశ్శబ్దమైపోయింది. చెల్లెలు పొరల సంగతి చెప్పింది, ఇరవై రెండు సంగతి చెప్పింది, తనకి ముందే తెలుసని కూడా చెప్పింది. తడబడలేదు. డాక్టరమ్మ మధ్యమధ్య లేచి పాలగిన్నె ముట్టుకుని వస్తోంది. మూడోసారి ముట్టుకున్నాక మళ్ళీ లేవలేదు.

"ఎండకి చెయ్యగలరా?"

"చెయ్యగలను. ఇంకా చెయ్యలేదు."

"చేశాక పిలవండి. ముందు పిలవకండి."

గుమ్మం దగ్గర ఆగింది. చెల్లెలితో అనాల్సింది నాతో అంది. "టీకా పాడైందని నాకెప్పుడు తెలుస్తుందో తెలుసా అమ్మా? పిల్లలు జబ్బుపడ్డాక."

చెల్లెలికి వెళ్ళొస్తానని చెప్పింది. నాకు చెప్పలేదు.

తర్వాత మరిది అరిచాడు. అరవడానికి అతనికి ఉద్యమాలూ ఆత్మలూ అక్కర్లేదు, మామూలు మాటలే సరిపోయాయి. "ఆవిడ నిలబెట్టింది, నువ్వు కూల్చావు" అన్నాడు చెల్లెలితో. "మీ అక్కకున్న ప్రేమలో సగం కూడా లేదు నీకు నా మీద." నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీరు దేవత వదినా."

మరిది మెప్పు దక్కింది నాకు.

ఏప్రిల్ 13

చెల్లెలు రాత్రి ఇక్కడే ఉండిపోయింది. పొద్దున్న టీ గ్లాసు పట్టుకుని కూర్చుని అడిగింది.

"ఎందుకలా అన్నావక్కా?"

"నీ కోసం."

"నేనడిగానా?"

"అడగలేదనుకో. అలా చూశావు కదా."

గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆవిణ్ణి ఇంటికే రమ్మని చెప్పింది నేను. ఆయనకి ఇష్టం లేదు, ఆఫీసులోనే చూపిద్దామన్నాడు. నేనే పట్టుబట్టాను. ఆయన ముందు నా నోరు పెగలదని నాకు తెలుసు. నువ్వు ఉన్నావు కదా, నువ్వు చెప్పేస్తావు, ఆగిపోతుంది అనుకున్నాను. మా అక్క నోట ఇంకోటి రాదు అని ధైర్యంగా నిలబడ్డాను. అందుకు చూశాను నీ వంక."

టీ తాగలేదు. గ్లాసు తీసుకెళ్ళి కడిగేసింది.

ఏప్రిల్ 14

ప్రార్థనకి కూర్చున్నాను. లేచాను.

ఏప్రిల్ 16

ఎదురింటావిడ వచ్చి, "ఏమైందట?" అంది. చెప్పాను. అంతా, వరసగా. "ఓహో" అంది.

ఈసారి ఆ మాట అలవాటు కొద్దీ అన్నట్టు లేదు.

ఏప్రిల్ 27

ఆఫీసు మూశారు. స్వెట్టర్లన్నీ ఎండలోకి వచ్చేశాయి. మరిది కొత్తది మొదలుపెడుతున్నాడట, నిద్ర ఎలా పట్టిందో చెప్పే తలదిండు. అది కూడా ఉద్యమమేనట. తన అన్నగారింట్లో ఉంటున్నాడు. చెల్లెలు వెళ్ళనంది. అతని కోసం క్లుప్తంగా కూడా ప్రార్థించలేదు.

చెల్లెలు ముందుగదిలో ఉంటోంది. కాగితాలు, రేకుల డబ్బాలు. కొలిమి లేదు. ఏదో కాలేజీలో ఒక పాత కొలిమి ఖాళీగా ఉందనీ, అడిగి చూస్తాననీ డాక్టరమ్మ అందట. అడుగుతుందో లేదో. ఇది మాత్రం లెక్కలు మొదలుపెట్టేసింది. ఏసీని మరిది మనుషులు విప్పుకుపోయారు. గోడలో కన్నం ఉంది, వెలుతురు వస్తోంది.

నాతో మామూలుగానే ఉంటుంది. అన్నం పెడితే తింటుంది. అక్కా అనే పిలుస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం కాగితం మీంచి తలెత్తకుండానే అడిగింది. "ఈ వేళప్పుడు నీ వంటింట్లో ఎంత వేడి ఉంటుందక్కా? నిజం చెప్పు."

కావాలని అనలేదు. నోటికి వచ్చింది, అనేసింది. అన్నట్టు కూడా దానికి తెలియదు. ఆ చివరి రెండు మాటలు ఇంతవరకు ఈ ఇంట్లో ఎవరూ నాతో అనలేదు.

ముప్ఫై తొమ్మిది అని నోటిదాకా వచ్చింది. ఇందాకే చూశాను.

లేచి వెళ్ళి, గోడ మీంచి థర్మామీటరు తీసుకొచ్చి దాని ముందు పెట్టాను.